బీదర్ రోడ్డు మీద కన్నడం

రెండో కరోనా వచ్చిన ఆ ఎండాకాలం మా ఇంట్లో రోజూ సాయంత్రం ప్రభుత్వానికి పరీక్ష జరిగేది. టీవీలో ఆరోగ్యశాఖ లెక్కలు చదవడం అయిపోగానే మా మామయ్య మాణిక్‌రావు రిమోట్‌తో సౌండ్ తగ్గించి, తువ్వాలతో మెడ తుడుచుకుని, "పాస్" అనేవారు. ఎప్పుడూ పాసే. ఫెయిల్ చేసిన రోజు ఒక్కటీ నాకు గుర్తు లేదు.

ఆ ఏడాది మా అమ్మాయి దీక్షితకు పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. రాయకుండానే అందరూ పాసని చెప్పేశారు. ఆ వార్త విన్న రోజు గంతులేసింది. మర్నాటి నుంచి ముఖం మాడ్చుకుని తిరిగింది, తను చదివిందంతా ఇక ఎవరూ చూడరని. ఆ ఉక్రోషమంతా తాత మీద తీర్చుకునేది.

"నువ్వు గూడ మా బడోళ్ల లెక్కనే చేస్తున్నవ్ తాతా. పేపర్ ఇయ్యకుండనే పాస్ చేస్తున్నవ్."

"ఏయ్ పోరీ, సర్కారు నడుపుడంటె నీ ఆల్జిబ్రా అనుకున్నవా? కోట్ల మందిని చూస్కోవాలె. ఇంట్ల నల్గురికి చాయ్ పెట్టనీకె మీ అమ్మకు గంట పడ్తది."

"అల్లం దంచకుంటె మీరు తాగరు గదా మామయ్యా," అన్నాను వంటింట్లోంచి.

"గదీ నిజమే," అని నవ్వేవారు.

ఇల్లంతా అల్లం వాసన. మొగుడంపల్లిలో మాకున్న పొలంలో వేయడానికి విత్తనం అల్లం ముందుగదిలో గోనెసంచుల మీద ఆరబోసి ఉంది. ఆ వేసవి ఎక్కడ చూసినా కషాయాలే కాబట్టి ఎవరెవరో ఫోన్ చేసి, ఎంతైనా ఇస్తాం, అమ్మమనేవారు. మామయ్య ఒప్పుకోలేదు. "ఇత్తనం అమ్ముకుంటె వచ్చే యాడాది ఏం నాటాలె, టీవీ రిమోటా?" అనేవారు.

నేను డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదివాను. ఒక్క మాటలో పాసనో ఫెయిలనో తేల్చడం నాకు చేతకాదు. బాగున్నదాన్ని బాగుందనాలి, లేనిదాన్ని లేదనాలి. ఆశా వర్కర్ మమత ఆ ఎండలో గొడుగైనా లేకుండా ఇల్లిల్లూ తిరిగి, జ్వరాలు అడిగి, మందుల కవరు చేతిలో పెట్టి వెళ్ళేది. అది బాగుంది. కరోనా టెస్టు కోసం జనం తెల్లారకముందే వచ్చి, వరుసలో తమ బదులు చెప్పులు వదిలి, గోడ నీడన కూలబడడం బాగులేదు. టీకా ఉందని పిలిచి, వెళ్ళాక లేదని పంపడం బాగులేదు. ఈ మాటలు పైకంటే మామయ్య తల పట్టుకునేవారు.

"బియ్యంల ఏరినట్టు సర్కార్ల గూడ రాళ్లు ఏర్తవేంది బిడ్డా!"

"ఉన్నయి గన్క ఏర్తున్న."

ఒక సాయంత్రం టీవీలో రాష్ట్రం సరిహద్దు చూపించారు. పక్క రాష్ట్రం నుంచి రోగులను తెస్తున్న అంబులెన్సులను పోలీసులు ఆపేస్తున్నారు. ఇక్కడి ఆసుపత్రిలో బెడ్ ఉందని లెటర్ చూపిస్తేనే వదులుతారట. ఒక అంబులెన్సు తలుపు దగ్గర ఒకామె అట్టముక్కతో ఎవరికో విసురుతోంది. విసిరించుకుంటున్న మనిషి కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. నేను గిన్నె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"కరెక్ట్ చేసిన్రు," అన్నారు మామయ్య.

"అదేం మాట మామయ్యా?"

"జర సోంచాయించు. మన బెడ్లు మనోళ్లకే చాలుతలేవు. బయటోళ్లంత వచ్చి పండుకుంటె మనోళ్లు యాడికి పోవాలె? రూల్ అంటె రూలే."

"పానం మీదికొస్తె మనం బీదర్ పోతలేమా? ఆడ వాళ్లు గూడ గిట్లనే అంటె?"

ఆయన నన్ను దీక్షితను చూసినట్టే చూసి నవ్వారు. "మనల ఎవడంటడు? బీదర్ల మనం బయటోళ్లమా?"

ఆయన తప్పుగా అనలేదు. జహీరాబాద్‌లో ఉండే మాలాంటివాళ్ళకు పెద్ద జబ్బంటే బీదరే. రాష్ట్రం వేరైనా హైదరాబాద్ కంటే ఎంతో దగ్గర. దీక్షిత పుట్టింది అక్కడే. మామయ్య తల్లిది బీదర్ అవతల పల్లె. ఆయనకు పొలంలో తెలుగు, బజార్లో ఉర్దూ, తల్లి దగ్గర కన్నడం. చెరకు లారీలు తోలించిన రోజుల్లో నేర్చిన ఒక ఉపాయాన్ని మా ఆయన జగదీశ్‌కు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు.

"గా బీదర్ రోడ్డు మీద ఖాకీ బట్ట కనబడ్డదంటె తెలుగు బంద్ చెయ్యాలె. 'ఏనప్పా, ఊట ఆయ్తా?' అని అందుకోవాలె. ఏమయ్యా, తిన్నవా అంటె ఎవడైన మెత్తవడ్తడు. సగం కేసు ఆడ్నే మాఫ్."

ఆ రోడ్డు మీద ఏ పోలీసూ ఆయన బండిని ఎక్కువసేపు ఆపలేదట. చెప్పిన ప్రతిసారీ ఆయన కళ్ళు మెరిసేవి.

ఆ వారంలోనే ఆయనకు జ్వరం వచ్చింది. మమత ఇచ్చిన కవరులోని మాత్రలు వేశాం. జ్వరం తగ్గి దగ్గు మిగిలింది. పక్కింటి నుంచి వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ తెచ్చాం. అందులో అంకె పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా దిగుతూ పోయింది. మా ఆయన ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. మా ఊళ్ళో ఆక్సిజన్ మంచం ఎక్కడా ఖాళీ లేదన్నారు. చివరికి మామయ్యే దుప్పటి తోసి లేచారు.

"ఎందుకు ఫికర్ చేస్తున్రు? బీదర్ తీస్కపోన్రి. మన దవాఖాన ఉండంగ గీ ఫోన్లెందుకు?"

ఇస్త్రీ చొక్కా అడిగి వేసుకున్నారు. ఆధార్ కార్డు జేబులో పెట్టుకున్నారు. కారు ఎక్కబోతూ ఆగి, "అల్లం జర తిప్పెయ్ బిడ్డా, ఒక్క దిక్కే ఉంటె బూజు పడ్తది," అన్నారు. అప్పటికింకా రెండు వైపులా జనం రాకపోకలు సాగిస్తూనే ఉన్నారు. మా వాళ్ళు సాఫీగానే వెళ్ళారు. బీదర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మంచం దొరికింది. ఆ సాయంత్రం ఫోన్లో, "డాక్టరు మంచోడు, కన్నడంల మాట్లాడ్తుంటె కుషీ అయిండు," అని దీక్షితకు చెప్పారు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఆ ఆసుపత్రి వాళ్ళు అందరినీ పిలిచి, ఆక్సిజన్ అయిపోవచ్చింది, వేరే చోట దారి చూసుకోగలిగినవాళ్ళు వెంటనే వెళ్ళండని చెప్పారు. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు చైతన్య ఎవరెవరినో బతిమాలి ఒక మంచం కుదిర్చాడు.

"లెటర్ గిట్ల ఇయ్యరట అక్కా. ముందుగాల ఎవరొస్తె వాళ్లకే అంటున్రు. జల్ది తెమ్మను."

మా ఆయన బీదర్లోనే అంబులెన్సు మాట్లాడి, ఆక్సిజన్ సిలిండరుతో బయల్దేరారు. నేను పూజగదిలోకి వెళ్ళాను. మళ్ళీ బయటికి వచ్చి అల్లం తిప్పుతూ కూర్చున్నాను. దాదాపు సగం తిప్పేసరికి ఫోన్ మోగింది.

"చెక్‌పోస్టు కాడ ఆపిన్రు," అన్నారు మా ఆయన. "నిన్న రాత్రి సందే ఈడ గూడ మొదలు పెట్టిన్రట. బాపు ఆధార్ దవాఖాన కౌంటర్లనే ఉండిపోయింది. నా కార్డు చూపిస్తె, నీది గాదు, పేషెంటుది కావాలె అంటున్రు. ఇంకేదన్న కార్డుంటె తీస్కొని రా."

ఓటరు కార్డుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, దేవుడి పటం వెనక దాచుకునేవారు ఆయన. దీక్షితను ఇంట్లో ఉండమని, స్కూటీ తీశాను. బీదర్ రోడ్డు ఖాళీగా ఉంది. తారు మీద ఎండ నీళ్ళలా కదులుతోంది.

చెక్‌పోస్టు అంటే నాలుగు డ్రమ్ములు, అడ్డంగా ఇనుప బారికేడ్లు, ఒక షామియానా. అంబులెన్సు అవతలి వైపు ఎండలో ఉంది. కర్ణాటక నంబరు. డ్రైవరు దిగి టైరు నీడన కూర్చున్నాడు. మా ఆయన బారికేడ్ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన గొంతు అప్పటికే బొంగురు పోయింది.

జరిగింది ఇది. ముఖానికి ప్లాస్టిక్ అద్దం కట్టుకున్న ఒక కానిస్టేబుల్ అంబులెన్సు కిటికీలోంచి తల పెట్టి, "ఏ ఊరు పెద్దాయనా?" అని అడిగాడు. మామయ్య కళ్ళు తెరిచి ఖాకీ చొక్కా చూశారు. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, నవ్వి, ఉన్న కాస్త ఊపిరితో తనకు తెలిసిన ఉపాయం వాడారు.

"ఏనప్పా, ఊట ఆయ్తా? మనిగి హోగ్తీవి, బిడు."

ఇంటికి పోతున్నాం, వదులు, అని. ఆ కానిస్టేబుల్ ఏ దూరపు జిల్లా నుంచో డ్యూటీకి వచ్చినవాడు. వెనక్కి తిరిగి, "సార్, కర్ణాటకవాళ్ళే," అని కేకేశాడు.

"మాది జహీరాబాదే అని మొత్తుకున్న," అన్నారు మా ఆయన నాతో. "తెలుగొస్తె ఆయన్నే చెప్పమను అన్నరు. అప్పటికి బాపుకు మాట రాలె. గా కన్నడం మాట్లాడనీకె ఉన్న దమ్మంత ఖర్సు పెట్టుకున్నడు."

ఎస్సై మర్యాదగానే మాట్లాడారు. అది కూడా చెప్పాలి. నన్ను నీడలోకి రమ్మన్నారు.

"మేడం, బండి కర్ణాటకది. దవాఖాన కర్ణాటకది. పేషెంట్ మాట్లాడింది కన్నడం. మీరే చెప్పున్రి, నేనేం అనుకోవాలె?"

"ఓటరు కార్డు చూడండి సార్. మొగుడంపల్లి మండలం. ఇప్పటిదాక ఒక్క ఓటు గూడ పోగొట్టుకోలేదు ఆయన."

ఆయన కార్డు తీసుకుని అంబులెన్సు దాకా వెళ్ళారు. మేమూ వెనకే వెళ్ళాం. కార్డు మీది బొమ్మలో మామయ్యకు నల్లటి మీసాలు, నిండు చెంపలు. లోపల మాస్కు కింద సగం ముఖం.

"పోలిక దొరుకుతలేదు," అన్నారు ఎస్సై. "మాస్కు జర తియ్యమనున్రి."

మా ఆయన నా వైపు చూశారు. నేను ఎస్సై వైపు చూశాను. ఆయన కార్డు వైపు చూస్తున్నారు.

మా ఆయన లోపలికి ఎక్కి మాస్కు తీశారు.

ఎస్సై కార్డునీ మనిషినీ మార్చి మార్చి చూశారు. తొందరేమీ పడలేదు. మా పక్కనుంచి ఉల్లిగడ్డ లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ సాగిపోయింది. సరుకు బండ్లకు అడ్డు లేదు. మాస్కు లేని ముఖంతో మామయ్య నన్ను గుర్తుపట్టారు.

"అల్లం తిప్పినవా బిడ్డా?"

తెలుగులోనే. అంత మెల్లగా అన్న మాట నాకు వినబడింది. ఎస్సైకి కూడా వినబడే ఉంటుంది, కానీ ఆయన అప్పటికే కార్డు నా చేతికిచ్చి, బెడ్ లెటర్ ఏదని అడుగుతున్నారు.

"తిప్పిన మామయ్యా," అన్నాను. మా ఆయన మాస్కు పెట్టేశారు.

తర్వాత లెటర్ గురించి. వచ్చినవాళ్ళకే మంచం ఇస్తారు, రాకముందు లెటర్ ఇవ్వరు అని చెప్పాను. లెటర్ లేనిదే రానివ్వం అని ఆయన చెప్పారు. ఇద్దరం చెప్పింది నిజమే. చైతన్యకు ఫోన్ కలిపి ఇచ్చాను. ఎస్సై తన పై అధికారికి చేశారు. ఆ అధికారి మీటింగులో ఉన్నారు. మళ్ళీ చేశారు. డ్రైవరు సిలిండరు మీటరు వైపు చూసి మా ఆయనతో కన్నడంలో ఏదో అన్నాడు. మా ఆయన దాన్ని తెలుగులో చెప్పలేదు.

చివరికి డ్రమ్ము పక్కకు దొర్లించారు.

"మానవత్వంతో ఇడుస్తున్నం మేడం. రూల్ ప్రకారమైతె కాదు."

"థాంక్యూ సార్," అన్నాను. చదువుకున్నదాన్ని కదా, ఆ మాట వెంటనే వచ్చేసింది.

అంబులెన్సును సాగనంపి నేను ఇంటికి వచ్చాక చైతన్య ఫోన్ చేశాడు. మంచం ఇంకొకరికి ఇచ్చేశారట. "అయినా రమ్మనక్కా, ఇంకో దగ్గర అడుగుతున్న," అన్నాడు. ఈ సంగతి మా ఆయనకు ఎలా చెప్పాలా అని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆలోపు ఆయనే చేశారు. సదాశివపేట దాటారట.

"ఎనుకకొస్తున్నం," అన్నారు.

దీక్షితను పిలిచి, ముందుగదిలో అల్లం ఒక మూలకు జరపమన్నాను. చాప వేయడానికి చోటు కావాలి.

మొగుడంపల్లి పొలంలోనే కార్యం జరిగింది. నలుగురైదుగురికి మించి రాలేదు. వచ్చినవాళ్ళు కూడా దూరంగా నిలబడ్డారు. వాళ్ళను నేను తప్పు పట్టను. ఆ సాయంత్రం టీవీ పెట్టింది నేనే. రాష్ట్రంలో ఆ రోజు పోయినవాళ్ళ లెక్క చదివారు. మామయ్య అందులో లేరు. తర్వాత మా ఆయన అడిగి తెలుసుకున్నారు. మా దగ్గర్నుంచి బతికే వెళ్ళాడు, మా లెక్క కాదని బీదర్ ఆసుపత్రి చెప్పింది. ఆక్సిజన్‌తో బయటి రాష్ట్రం నుంచి వచ్చిన కేసు, మా లెక్క కాదని ఇక్కడ చెప్పారు. ఆయన ఏ ప్రభుత్వపు కరోనాలోనూ చనిపోలేదు.

కొద్ది రోజులకు అంబులెన్సులను ఆపొద్దని కోర్టు చెప్పినట్టు టీవీలో వచ్చింది. మా ఆయన లేచి టీవీ కట్టేశారు. దీక్షితకు పదికి పది వచ్చాయి. వాళ్ళ బడిలో చాలామందికి పదికి పదే. అది ఫోన్లో మార్కులు చూసుకుని, తాత కుర్చీ వైపు చూసి, మళ్ళీ ఫోన్ వైపు చూసింది.

మమత ఎప్పటిలాగే వచ్చింది. గుమ్మంలో నిలబడి, చెమట కొంగుతో ఒత్తుకుంటూ, అలవాటు ప్రకారం అడిగింది.

"ఎవరికన్న జ్వరముందా వదినా?"

"లేదు. జ్వరమొచ్చినాయన లేడు."

ఆమె చేతిలోని మందుల కవరు కిందపడింది. తీసి ఇచ్చి, లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చాను. ఆ పిల్ల పనిలో నాకు ఏ లోపమూ కనబడలేదు. ఇప్పటికీ అదే అంటాను.

వానలు పడగానే అల్లం నాటాం. మామయ్య ఉంటే ఇంకా ముందే నాటేవారు. కొంత విత్తనం బూజు పట్టింది. మిగిలినదాన్ని మొలక ఉన్న చోటు చూసి ముక్కలు విరిచి నేను అందిస్తుంటే, మా ఆయన మడిలో వంగి పెడుతున్నారు. దీక్షిత గట్టు మీద కూర్చుని మామయ్య పాత ఫోన్‌తో ఆడుకుంటోంది. అల్లం బేరగాళ్ళు ఆ నంబరుకే చేస్తారని దాన్ని ఇంకా చార్జింగులో పెడుతున్నాను.

ఫోన్ మోగింది. దీక్షిత ఎత్తి విని, "అమ్మా, సర్కారు గురించి ఏదో అడుగుతున్రు," అని నా చేతికిచ్చింది.

రికార్డు చేసిన గొంతు, చక్కటి ఉచ్చారణ. కరోనా కాలంలో ప్రభుత్వ పనితీరుపై ప్రజల అభిప్రాయాన్ని సేకరిస్తున్నామంది. చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు, బాగులేదు, ఇలా ఒక్కొక్క విషయానికీ ఒక్కొక్క అంకె నొక్కాలట. ఇంటింటి సర్వే గురించి అడుగుతారు, బాగుందనే చెబుతాను. మందుల గురించి అడుగుతారు, టెస్టుల గురించి, టీకాల గురించి, ఆసుపత్రుల గురించి. దేనికేది చెప్పాలో నాకు తెలుసు. ఆ వేసవంతా ఏరి పక్కన పెట్టుకున్నాను. చివరికి సరిహద్దు గురించి అడక్కపోతారా అనుకున్నాను. ఫోన్‌లోని గొంతు మా ఆయనకు వినబడేలా స్పీకరు పెట్టాను.

"మొదటి ప్రశ్న. మీరు మన రాష్ట్ర నివాసి అయితే ఒకటి నొక్కండి. ఇతర రాష్ట్రాల వారైతే రెండు నొక్కండి."

నా వేలు ఒకటి మీదకు వెళ్ళింది. మడిలోంచి మా ఆయన నడుం ఎత్తి చూశారు. రెండడుగుల్లో గట్టెక్కి, నా చేతిలోని ఫోన్ అలాగే పట్టుకుని, మట్టి వేలితో రెండు నొక్కారు.

"క్షమించండి," అంది ఆ గొంతు. "ఈ సర్వే మన రాష్ట్ర ప్రజలకు మాత్రమే. ధన్యవాదాలు."

ఫోన్ కట్టయింది. దీక్షిత మా ఇద్దరి ముఖాలూ చూసింది.

"అదేందండీ," అన్నాను. "నేను చెప్పేటివి ఎన్నున్నయి!"

"ఇన్నవు గదా," అన్నారాయన, అచ్చం వాళ్ళ నాన్న గొంతుతో. "రూల్ అంటె రూలే."

మళ్ళీ మడిలోకి దిగి, ఇంకో ముక్క ఇమ్మని చెయ్యి చాచారు.